ఆ ‘అట’ ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: మాది నల్లగొండ. నా వయసు 59. మావారు హెడ్మాస్టరుగా 61 ఏళ్లకు రిటైరయ్యారు. ఇప్పటికి రెండేళ్లవుతోంది. మా అత్తగారు ఆరేళ్లు మంచంలో ఉండి నిరుడు కార్తికంలో పోయారు. సంవత్సరీకం అయిపోయాక డిసెంబరులో మేమిద్దరం ఆరు రోజులు అండమాన్ వెళ్లి వచ్చాం. పెళ్లయి 37 ఏళ్లు. ఇద్దరమే కలిసి చేసిన మొదటి ప్రయాణం అది. టికెట్లు, హోటలు అన్నీ మావారే చూశారు. చివరి వారం దాకా నాకు చెప్పను కూడా లేదు. సెల్యులార్ జైలు చూసి నాకు కన్నీళ్లు వస్తే భుజం మీద చెయ్యి వేశారు. మనం హావ్‌లాక్ అనే స్వరాజ్ ద్వీప్‌లో, రాధానగర్ బీచి మీద, నా చెప్పులు తన చేత్తో పట్టుకొని నడిచారు. ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే చీర మడతల్లోంచి ఇసుక రాలింది. ఊడ్చి పారేయబుద్ధి కాక కాగితంలో పొట్లం కట్టి దాచుకున్నాను.

వచ్చిన నాలుగో రోజున మిర్యాలగూడ నుంచి మా పెద్ద ఆడబిడ్డ ఫోను చేశారు. ‘అమ్మ మంచం ఇంకా ఇంట్లోనే ఉంది. అప్పుడే నీకు సముద్రాలు కావలసి వచ్చాయా? పోరు పెట్టి తీసుకెళ్లావట’ అన్నారు. అప్పటి నుంచి నేను చేస్తే ఫోను ఎత్తడం లేదు. మావారు ‘అక్క సంగతి తెలిసిందే కదా, వదిలెయ్’ అంటారు. ఆయన పొద్దున్నే వాకింగుకు వెళ్లి, గడియారం స్తంభం దగ్గర స్నేహితులతో టీ తాగి ఎనిమిదింటికి వస్తారు. ఇంటికి వచ్చినవాళ్లు అండమాన్ సంగతి ఎత్తితే ‘నాదేముంది, మా ఇంటావిడ పోరు పడలేక’ అని నవ్వుతారు. నేనూ నవ్వి ఊరుకుంటాను. సంక్రాంతి దగ్గరకు వచ్చింది. చీర తీసుకొని నేనే ఆడబిడ్డ ఇంటికి వెళ్లి క్షమించమని అడగాలా? ఈ చలికి మోకాళ్లు కూడా పట్టేస్తున్నాయి. మనసు బాగోలేదు.

జవాబు: అమ్మా, మీరు అడిగినదానికి ఒక్క మాటలో చెప్పేస్తాను. వద్దు. ఆడబిడ్డను పండుగకు పిలవడం, బొట్టు పెట్టి చీర పెట్టడం మీ ఇంటి బాధ్యత. అది ఏటేటా జరగవలసిందే, ఈ ఏడూ జరగవలసిందే. కానీ చీర వేరు, క్షమాపణ వేరు. రెండింటినీ ఒకే సంచిలో పెట్టుకొని మిర్యాలగూడ బస్సు ఎక్కకండి. సంవత్సరీకం కాకముందే వెళ్లి ఉంటే నేనే మిమ్మల్ని మందలించేదాన్ని. అన్నీ శాస్త్రప్రకారం జరిపించి, మీ పెన్షన్ డబ్బుతో మీరు వెళ్లి వచ్చారు. ఇందులో ఒకరికి సంజాయిషీ చెప్పవలసిన పని నాకు కనబడటం లేదు.

ఇప్పుడు మీరు అడగని దాని దగ్గరకు వస్తాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే నా కళ్లు ఒకే మాట దగ్గర ఆగిపోయాయి. ‘తీసుకెళ్లావట’ అన్నారు మీ ఆడబిడ్డ. అట. అంటే తాను చూసింది కాదు, ఎవరో చెబితే విన్నది. మిర్యాలగూడలో ఉన్న మనిషికి మీరు పోరు పెట్టారన్న సంగతి ఎవరు చేరవేశారు? ఆ ‘పోరు’ అన్న మాట మీ ఉత్తరంలో మళ్లీ ఎక్కడ ఉందో చూడండి. మీ ఆయన నోట ఉంది. ఇంటికొచ్చినవాళ్ల ముందు నవ్వుతూ అన్న మాట, టీ కొట్టు దగ్గర పదిమందిలోనూ అని ఉండగల మాట, నల్లగొండ నుంచి మిర్యాలగూడ చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఈ రెండు సంగతులనూ పక్కపక్కనే రాశారు గానీ ఒకదానికొకటి ముడి వేయలేదు మీరు. వేయడానికి భయపడి ఉంటారు. మీ ఆడబిడ్డ చేతిలోని రాయి మీ ఆయన అందించిందే. మీరు సరిచేసుకోవలసింది మీ ఆయనతోనే, ఆడబిడ్డ సంగతి ఆ తర్వాత.

ఆయన చెడ్డవారని నేను అనడం లేదు. చెడ్డవారైతే మీకు చెప్పకుండా టికెట్లు తీసి, ఆరు రోజులు మీ వెంట తిరిగి, మీ చెప్పులు చేత్తో పట్టుకొని నడవరు. ఏళ్ల తరబడి ఊరంతా ‘సార్’ అని నమస్కారం పెట్టిన మనిషి ఆయన. అరవై దాటాక భార్యను సంతోషపెడదామని, తానూ సంతోషపడదామని సముద్రం చూడటానికి వెళ్లానని నలుగురిలో ఒప్పుకోవడం ఆయనకు సిగ్గు. తిరుపతికో కాశీకో వెళ్లి ఉంటే ఎందుకు వెళ్లారని ఎవరూ అడగరు. మాఘంలో చెరువుగట్టు జాతరకు వెళ్తే అసలే అడగరు. భక్తికి మన ఇళ్లలో కారణం చెప్పనక్కరలేదు, సంతోషానికి మాత్రం కారణం చూపించాలి. చూపించడానికి ఆయన చేతికి అందినది మీరే. తన సంతోషాన్ని తీసుకెళ్లి మీ కోరికల ఖాతాలో రాసి, తాను పెద్దమనిషిగా మిగిలారు. మాట చిన్నదే. దాని వెనుక ఏమున్నదో ఆయన ఆలోచించి ఉండరు.

ఏమున్నదో మీకు తెలుసు. మా అత్తగారు ఆరేళ్లు మంచంలో ఉన్నారని ఒక్క ముక్కలో రాసి ముందుకు వెళ్లిపోయారు మీరు. ఆ ఆరేళ్లంటే ఏమిటో నాకు తెలుసు. మా అమ్మ చివరి మూడేళ్లు నా దగ్గరే ఉంది. వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. రాత్రి ఒంటిగంటకూ, మూడింటికీ లేవాలి. పక్కబట్టలు తడిస్తే ఈ చలిలో మార్చి, ఉతికి, తెల్లారేలోపు ఇంకొకటి ఆరబెట్టి ఉంచాలి. వాసన గదిలోంచి పోతుంది గానీ మన చేతుల్లోంచి పోదు. ఆ పని ఆరేళ్లు మీ ఇంట్లో ఎవరు చేశారో మీరు రాయలేదు, నేను అడగనక్కరలేదు. కన్నకొడుకు ఉద్యోగంలో ఉన్నారు, కన్నకూతురు మిర్యాలగూడలో ఉన్నారు. అన్నీ అయ్యాక, ‘అమ్మ పోయేదాకా ఆగి సముద్రానికి పరుగెత్తింది’ అన్న నింద వచ్చి పడింది మాత్రం ఆ చేతుల మీదే. ‘టికెట్లు తీసింది నేనక్కా, ఆమెకు తెలియను కూడా తెలియదు’ అని ఒక్క మాట అంటే అక్కడితో తీరిపోయేది. ఆ మాటకు ఈ లోకంలో సాక్షి ఒక్కరే ఉన్నారు. ఆయన ‘వదిలెయ్’ అన్నారు. ఎవరు వదిలెయ్యాలి? మాట పడినవాళ్లా, మాట పుట్టించినవాళ్లా?

ఇక మీ సంగతి. మీ మీద జాలి పడి ఊరుకుంటే నేను మీకు మేలు చేసినట్టు కాదు. ఆయన ‘పోరు పడలేక’ అన్నప్పుడల్లా మీరూ నవ్వారు. టీ కప్పులు అందిస్తూ నవ్వారు. భర్త పరువు కాపాడటం భార్య ధర్మమని నేనూ నమ్ముతాను. నలుగురిలో ఆయన మాట కొట్టిపారేయకపోవడం మీ మర్యాద. కానీ ఆయన పరువు నిలబడటానికి మీరు అబద్ధానికి సాక్షిగా నిలబడనక్కరలేదు. మీరు నవ్విన ప్రతిసారీ ఎదురుగా కూర్చున్నవాళ్లు ‘అవును కాబోలు’ అనుకొని లేచి వెళ్లారు. ఇకమీదట ఆ మాట వస్తే నవ్వకండి. కోపం చూపించనక్కరలేదు, ఎదురు చెప్పనక్కరలేదు. నవ్వకుండా ఆయన ముఖం వైపు చూడండి, చాలు. ఆ మౌనం ఆయనకు తెలుస్తుంది.

సెల్యులార్ జైలు చూసి వచ్చారు కదా. 1896లో మొదలుపెట్టి 1906 నాటికి కట్టి ముగించిన భవనం. నడుమ బురుజు, దాని చుట్టూ ఏడు వరుసలు. ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక వరుస గదుల్లోంచి చూస్తే ఎదుటి వరుస వీపే కనబడేట్టు కట్టారు, ఖైదీకి సాటి ఖైదీ ముఖం కనబడకూడదని. దాన్ని చూసి మీరు కన్నీళ్లు పెట్టుకుంటే ఆయన భుజం మీద చెయ్యి వేశారు. అంత తెలిసినవాళ్లు నల్లగొండ వచ్చి ఒకే ఇంట్లో ఒకరి వీపు ఒకరు చూస్తూ గడుపుతున్నారు. ఆయన వీధి వైపు, మీరు వంటింటి వైపు.

అండమాన్‌లో డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది. మనకంటే బాగా తూర్పున ఉన్నా అక్కడా మన గడియారమే కాబట్టి, మన దగ్గరకంటే అరగంటకు పైగా ముందే చీకటి పడుతుంది. ఆ పొడుగాటి సాయంత్రాలు మీరిద్దరూ ఏం చేశారు? వంటింటి పని లేదు, తలుపు తట్టే మనిషి లేడు. మాట్లాడుకొని ఉంటారు. ఇక్కడా ఇది చలికాలమే. ఆరింటికల్లా తలుపులు మూసుకుంటున్నారు, రాత్రి అంతే పొడుగ్గా ఉంది. తేడా ఒక్కటే, ఇక్కడ ఆయన పేపరు వెనుక ఉన్నారు, మీరు పొయ్యి ముందు ఉన్నారు. మా పాలమూరు వైపు ఈ రోజుల్లో అనపకాయలు ఉడకబెట్టి పళ్లెంలో పోసుకొని చుట్టూ కూర్చుంటారు. గింజ గింజా ఒలుచుకొని తినాలి కాబట్టి గంటసేపు ఎవరూ లేచి పోలేరు. చేతులకు పని ఉంటే నోటికి మాట సులువుగా వస్తుంది. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ చెప్పలేని మాటను తల వంచుకొని కాయ ఒలుస్తూ చెప్పవచ్చు. మీరు చెప్పవలసిన మాటకు అటువంటి సమయమే చూసుకోండి.

మాట ఇంతే ఉండాలి: ‘ఏమండీ, అండమాన్‌కు నేను పోరు పెట్టలేదు. మీరే తీసుకెళ్లారు. నాకు చాలా సంతోషమైంది. ఆ సంగతి మీ అక్కకు మీ నోటితోనే చెప్పాలి.’ అక్కడ ఆపేయండి. 37 ఏళ్ల చిట్టా విప్పకండి, అత్తగారి సేవ ఎత్తకండి, ఏడవకండి. ఏడిస్తే ఆయన ఓదార్చడంలో పడిపోతారు, చెప్పవలసిన మాట మళ్లీ వెనక్కి పోతుంది. ‘సరదాకు అన్నాను’ అంటారాయన. ‘ఆ సరదా మిర్యాలగూడ దాకా వెళ్లింది’ అనండి. అంతకు మించి ఒక్క ముక్క వద్దు.

ఆయన చెబితే సరే. చెప్పకుండా దాటవేస్తే, పండుగకు ఆడబిడ్డ వచ్చిన రోజున ఆయన ముందే మీరు చెప్పండి. ‘వదినా, టికెట్లు మీ తమ్ముడే తీశారు. నాకు చివరి వారంలో తెలిసింది. నేను అడగలేదు గానీ వెళ్లినందుకు బాధపడటం లేదు.’ గొంతు పెంచకుండా, బొట్టు పెడుతూనే చెప్పవచ్చు. ఇందులో ఎవరినీ అవమానించింది లేదు. పండుగ పూట గొడవ ఎందుకని మీకు అనిపిస్తుంది. గొడవ ఇప్పటికే మీ ఇంట్లో ఉంది, దాన్ని మీరొక్కరే మోస్తున్నారు.

మీ ఆడబిడ్డ గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే ఆమె మీద నాకు కోపం లేదు. తల్లి పోయాక ఆడపిల్లకు పుట్టింటి గుమ్మం అదే గుమ్మంలా ఉండదు. తన కోసం ఎదురుచూసే మనిషి ఇక లేదు. ఆ మంచం ఒక్కటే ఆమెకు మిగిలిన గుర్తు, అందుకే కోపంలో మొదట దాని పేరే వచ్చింది. వచ్చినప్పుడు ‘మంచం ఏం చేద్దాం వదినా, మీరు తీసుకెళ్తారా, ఇక్కడే ఉంచమంటారా’ అని అడగండి. మీరు ఆమెకు ఇవ్వవలసినది ఏదైనా ఉంటే, ఆ నిర్ణయం ఇవ్వండి. తన తల్లి వస్తువు మీద తన మాట చెల్లిందన్న తృప్తి ఆమెకు చీరకంటే ఎక్కువ.

మోకాళ్ల సంగతి చలి మీదికి తోసేసి ఊరుకోకండి. ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించండి. మీ పుట్టిల్లు మర్రిగూడ, మునుగోడు వైపు అయితే చిన్నప్పుడు ఏ బావి నీళ్లు, ఏ బోరు నీళ్లు తాగి పెరిగారో తప్పకుండా చెప్పండి. మీ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు ఎన్ని వేలమంది కీళ్లను బిగదీశాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇంకొక్కటి. మీ ఊరి అంచున పానగల్లులో, ఒకప్పుడు ఈ సీమను ఏలిన కందూరు చోడుల నాటి చెరువు ఉంది, పేరు ఉదయ సముద్రం. పక్కనే ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో పొద్దంతా నిలిచే నీడను చూడటానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. మీరిద్దరూ కలిసి చివరిసారి ఎప్పుడు వెళ్లారు? వారంలో ఒక్క పొద్దు ఆయన వాకింగు స్నేహితులను మానుకొని, స్కూటరు మీద మిమ్మల్ని ఆ గట్టుకు తీసుకెళ్లమనండి. ఊళ్లో పదిమంది చూస్తారు. చూడనివ్వండి. భార్యతో కలిసి నీళ్ల ఒడ్డున నిలబడటం ఆయనకు ఇక్కడా అలవాటు కావాలి.

భోగి నాటికి మీ ఇంట్లో పిల్లలు, చుట్టాలు నిండిపోతారు. ఈ లోపే మాట్లాడండి. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే, ఆ ఇసుక పొట్లం తెచ్చి ఆయన ముందు విప్పండి. దాని సంగతి నాకు రాశారు గానీ ఆయనకు చెప్పి ఉండరు.