భుజాలు కోసే బ్రా, మడతలో మంట

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరి పీచు పనికి వెళ్తాను. వయసు 48. రొమ్ములు బాగా జారాయి. బ్రా పట్టీలు భుజాలు కోస్తున్నాయి, కింద మడత ఒరిసి ఎర్రబడి మంట. షాపులో అడగాలంటే సిగ్గు.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ఇందులో మీ తప్పేం లేదు. కాన్పులు, వయసు, బరువు మార్పులతో రొమ్ములు జారడం మామూలే. భుజాలు కోస్తున్నాయంటే బరువంతా వాటి మీదే పడుతోంది. నిజానికి మోయాల్సింది ఛాతీ చుట్టూ ఉండే పట్టీ. రొమ్ముల కింద ఒకటి, రొమ్ములు బాగా నిండుగా ఉన్న చోట ఒకటి, రెండు చుట్టుకొలతలు ఇంట్లోనే తీసి రాసుకెళ్లండి. షాపులో ఆ కాగితం చూపిస్తే చాలు, నోరు విప్పక్కర్లేదు. వెడల్పు పట్టీలు, నిండు కప్పు ఉన్న, వైరు లేని కాటన్ బ్రా తీసుకోండి. చేతులెత్తినా వెనక పట్టీ పైకి జరగకూడదు.

నాకు మడత గురించే ఎక్కువ దిగులు. మన కోనసీమ ఉక్కకి అక్కడ తడి ఆరదు, ఫంగస్ చేరుతుంది. స్నానం చేశాక రుద్దకుండా అద్ది, ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే బ్రా వేసుకోండి. పనిలో ఉన్నప్పుడు మడతలో పల్చటి నూలు గుడ్డ పెట్టుకుని, తడిస్తే మార్చండి. పౌడరు దట్టించొద్దు, చెమటకి ముద్దకడుతుంది. వారంలో తగ్గకపోతే చర్మ డాక్టరుకి చూపించండి. మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి. గడ్డ తగిలినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా మాత్రం వారం కూడా ఆగకండి.