బోరులో వేడి కొలవబోతున్న మనవడికి

చిరంజీవి మనవడికి, దేవరకొండ నుండి తాత ఆశీస్సులతో వ్రాయునది.

మన చెలక బోరులో లోతును బట్టి ఉష్ణోగ్రత ఎట్లా మారుతుందో కొలవాలనుకుంటున్నావని మీ నాయన చెప్పినాడు. మోటరు దించని, నీళ్లున్న బోరునే ఎంచుకో. ఎండిన బోరులో గాలి కిందికీ మీదికీ తిరిగి లెక్కను చెడగొడుతుంది. డ్రిల్లింగ్ బండి వెళ్లిన మరునాడే కొలవడం ఒకప్పుడు నేను చేసిన తప్పు. సుత్తి రాపిడికీ, కంప్రెసర్ గాలికీ లోపలి రాయి అసలు వేడి మారిపోయి ఉంటుంది గనుక ఆ అంకెలన్నీ కొట్టివేయవలసి వచ్చింది. కొన్ని వారాలు ఆగు.

తీగతో ఉన్న సెన్సర్‌ను పది మీటర్లకొకసారి ఆపుతూ, అంకె కదలడం మానిన తరువాతనే వ్రాసుకో. దించేటప్పటి అంకెలే తీసుకో, పైకి లాగేటప్పటికి నీళ్లు కలగిపోయి ఉంటాయి. మొదటి ఇరవై మీటర్లను పక్కన పెట్టు, అక్కడిదాకా ఎండాకాలం, చలికాలం దిగుతూనే ఉంటాయి.

ఆ కిందిదంతా రాయి కథ. ఖండాల మీద సాధారణంగా కిలోమీటరు లోతుకు 25 నుండి 30 డిగ్రీలు పెరుగుతుంది. మన దగ్గరిదాకా పరచుకున్న పాత రాతి పునాదిని ధార్వార్ ప్రాంతమంటారు; దాని రాయి సుమారు 250 కోట్ల ఏండ్లది, దాని అడుగున భూమి చాలా లోతుదాకా చల్లబడి ఉన్నందున చాలాచోట్ల 20 డిగ్రీల లోపే పెరుగుతుంది. గ్రానైట్‌లోని యురేనియం, థోరియం, పొటాషియం కొంత వేడిని పుట్టిస్తాయి గాని, ఆ రాయి వేడిని సులువుగా పైకి వదిలేస్తుంది. గోదావరి లోయలో మణుగూరు వైపు బొగ్గు, ఇసుకరాయి పొరలు గొంగడి కప్పినట్లు వేడిని ఆపుతాయి. అక్కడి బోర్లలో వేడినీళ్లు పడడానికి అదొక కారణం. కోలారు గనులు మూడు కిలోమీటర్లు దాటినా రాయి వేడి 65 డిగ్రీల దరిదాపుల్లోనే ఉండేదంటే మన నేల తీరు నీకు తెలుస్తుంది.

అందువల్ల వంద మీటర్లకు నీకు దొరికేది రెండు డిగ్రీల లోపే. డిగ్రీలో పదో వంతైనా చూపని సెన్సర్ కొనకు. బోరు వేసినప్పటి రాతిపొడి కుప్పలను చూసి, తెల్లపొడి ఏ లోతులో నల్లబడిందో గుర్తించు; అక్కడ నల్లరాయి డైకు, అంటే గ్రానైట్ పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన రాతిగోడ, తగిలి ఉంటుంది, వేడి పెరిగే తీరూ మారవచ్చు. లోతుతో వేడి పెరుగుదలను చూపుతూ నీవు గీసే గీత ఒక్కసారిగా చదునైతే, అంటే వేడి పెరగడం ఆగితే మాత్రం రాయిని కాదు, పగులులో పారే నీటిని అనుమానించు.

పని ముగిశాక బోరు మూతి బిగించి, పైన బండ పెట్టి, అంకెలు వ్రాసుకున్న పుస్తకం నాకు పంపు.