యువత ఓటు వల్ల నిజంగా ఏమైనా మారిందా? పోలింగ్ డ్యూటీలో నేను చూసింది

"మా ఇంట్లో ఇప్పటికీ నాన్న చెప్పిన గుర్తుకే అందరూ ఓటేస్తారు. కుర్రకారు వల్ల ఎన్నికలు మారిపోతున్నాయంటే నమ్మొచ్చా?" అని అడిగారు. నేను ప్రభుత్వ టీచర్ని, పోలింగ్ డ్యూటీలు చాలానే చేశాను. నమ్మొచ్చండీ.

2009లో నేను కూర్చున్న బూత్‌లో ఇంటి పెద్దే అందరి స్లిప్పులూ పట్టుకుని ముందు నడిచేవారు, వెనక కొడుకులూ కోడళ్లూ. కోడలి పేరు పిలిస్తే ఆయనే పలికేవారు. ఊళ్లో కూడా "వాళ్లవి ఆరు ఓట్లు" అని ఇంటి లెక్కే చెప్పేవాళ్లు.

2024 మే 13న ఆంధ్రాలో వేలికి సిరా పూసి, ఓటేసేవాళ్ల వివరాలు రాసే 17ఎ రిజిస్టర్‌లో సంతకం పెట్టించే పని నాది. హైదరాబాద్, బెంగళూరు బస్సులు దిగి బ్యాగులతోనే లైన్లో నిలబడ్డ పిల్లలు, ఎవరి స్లిప్పు వాళ్ల చేతిలో. మొదటిసారి ఓటేస్తున్న ఒకమ్మాయి నాన్నమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దావిడ వేలిముద్ర వేసి, నా ముందే "దేనికి నొక్కమంటావే?" అంది. "అది నీ ఇష్టం నాన్నమ్మా. నొక్కాక పక్క మిషన్ అద్దంలో చీటీ 7 సెకన్లు కనబడుతుంది, నువ్వు నొక్కిందే వచ్చిందో లేదో చూసుకునిరా" అంది ఆ పిల్ల. నాకు ఒళ్లు పులకరించింది.

సాయంత్రం 6 గంటలకీ లైను తరగలేదు. అప్పటికి లైన్లో ఉన్నవాళ్లకు చివరి మనిషి నుంచి మొదలుపెట్టి నంబరు చీటీలిచ్చాం. ఆఖరి ఓటు రాత్రి 10 దాటాక పడింది. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాల్సిన కుర్రాళ్లు కూడా కదల్లేదు. రాష్ట్రంలో పోలింగ్ 81 శాతం దాటింది. అదంతా యువత ఘనతే అనను, ఆడవాళ్లూ ముసలివాళ్లూ ఎండలో అంతే ఓపిగ్గా నిలబడ్డారు. డబ్బు పంచడమూ ఆగలేదు. కాకపోతే మావైపు ఆ డబ్బు ఇంటి పెద్ద చేతిలో పెడితే ఆరు ఓట్లూ పడతాయన్న ధీమా ఇప్పుడు ఎవరికీ లేదు.

నా బాధల్లా ఓటర్ల జాబితా దగ్గరే. నా పాత విద్యార్థులే కొందరు హైదరాబాద్‌లో రూముల్లో ఉంటారు, ఓటేమో ఊళ్లో. సెలవు దొరకదు, టికెట్ దొరకదు, ఓటు పోతుంది. అలాంటివాళ్లు ఫారం 8 పెట్టి ఉన్నచోటికి మార్చుకోవాలి. మీ ఇంట్లో 17 నిండినవాళ్లుంటే కొత్త ఓటు కోసం ఫారం 6 ఇప్పుడే ఇవ్వొచ్చు, 18 నిండాక పేరు చేరుస్తారు. ఇదివరకు జనవరి 1కి 18 నిండాలనేవారు. 2022 నుంచి ఏప్రిల్, జులై, అక్టోబర్ 1వ తేదీలనూ లెక్కలోకి తీసుకుంటున్నారు.