పేరు కోసం వెతకకండి, బ్యాటరీ గది మూత తీయండి

అటక మీది పాత సామాను దించుతుంటే అరచేతిలో పట్టే కంప్యూటర్ ఒకటి దొరికిందనీ, దాని మీద కంపెనీ పేరు గానీ తయారైన దేశం గానీ లేవనీ, అది ఏమిటో ఎలా కనుక్కోవాలనీ అడిగారు. అన్నిటికంటే ముందు ఒక్క మాట. దయచేసి దానికి కరెంటు ఇవ్వకండి. ఎవరు చెప్పినా ఇవ్వకండి. అలా ఇచ్చే నేను ఒకదాన్ని పోగొట్టుకున్నాను.

మా పెద్దమామయ్య ఒంగోలులో ఒక పొగాకు కొనుగోలు సంస్థలో గుమాస్తాగా పనిచేసేవారు. ఆయన పోయాక అత్తయ్య ట్రంకు పెట్టె తెరిస్తే, వేలం చీటీల కట్టల కింద పంచె ముక్కలో చుట్టిన నల్లటి ఇటుక లాంటి వస్తువు కనిపించింది. పై తొడుగును కిందికి లాగితే జారి, లోపలి మీటలు బయటపడ్డాయి. పేరు ఉండవలసిన చోట ఎండిపోయిన జిగురు మరక మాత్రమే మిగిలింది. ఎవరో విదేశీ కొనుగోలుదారు వెళ్తూ వెళ్తూ ఇచ్చి వెళ్లారని అత్తయ్యకు లీలగా గుర్తు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు.

తెలియకపోయినా చెప్పడానికి ఎవరూ వెనుకాడలేదు. బాబాయి వైర్‌లెస్ సెట్టు అన్నాడు. మామయ్యతో కలిసి పనిచేసిన ఒకాయన ఆకులో తేమ కొలిచే మీటరని ఖాయంగా చెప్పారు. ఫోనుతో ఫొటో తీసి వెతికితే క్యాలిక్యులేటర్ అని వచ్చింది. ఈ ఫొటో వెతుకులాట మీద నాకు ఏమాత్రం నమ్మకం లేదు. చిన్న తెర, కింద మీటలు కనిపిస్తే చాలు, అది ప్రతిదాన్నీ క్యాలిక్యులేటర్ల గంపలో వేసేస్తుంది.

చివరికి దాన్ని నెల్లూరులో ఒక మరమ్మతు దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి మనిషి నిమిషమైనా పరిశీలించలేదు. ఏదో అడాప్టర్ తీగలు కోసి, బ్యాటరీ గదిలోని రెండు రేకులకు ఆనించాడు. సన్నటి పొగ ఒకటి లేచింది. కాలిన బేకలైట్ వాసన వచ్చింది. ధన, ఋణ ధ్రువాలు తారుమారయ్యాయి. "పాత సరుకండీ, ఎప్పుడో పోయి ఉంటుంది" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. పాతదైతే అడిగి, చూసి, మీటరు పెట్టి కొలిచి ముట్టుకోవాలి కదా! ముప్పై ఏళ్లు పంచె ముక్కలో భద్రంగా ఉన్న వస్తువు ఒక్క నిమిషంలో పోయింది.

అయితే ప్రాణం పోయిన ఆ యంత్రమే తన పేరు తాను చెప్పింది. మీరు చేయవలసింది కూడా ఇదే.

మీటలు లెక్కపెట్టాను. ఆరు వరుసలు, వరుసకు ఆరు, మొత్తం 36. అక్షరాలు టైపు మిషను పద్ధతిలో లేవు. ఎ, బి, సి, డి అని పలక మీద దిద్దించిన వరుసలో ఉన్నాయి. అంకెలకు వేరే మీటలే లేవు, అక్షరాల మీటల దగ్గరే చిన్నగా అచ్చయి ఉన్నాయి. అంకెలకు సొంత మీట లేనిది క్యాలిక్యులేటర్ ఎలా అవుతుంది? తెరను కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే, ఆరిపోయి ఉన్నా గళ్లు లీలగా కనిపించాయి: రెండు వరుసలు, వరుసకు 16. బ్యాటరీ గదిలో పట్టేది పాత ట్రాన్సిస్టర్ రేడియోలలో వేసే 9 వోల్టుల పలక బ్యాటరీ. వెనక రెండు గూళ్లు, ఒకదానిలో చిన్న ప్లాస్టిక్ డబ్బీ.

విప్పి చూస్తే పెద్ద చిప్పు మీద హెచ్‌డి 6303తో మొదలయ్యే నంబరు ఉంది. హెచ్‌డి అన్నది హిటాచీ గుర్తు. దాన్ని చూసి జపాన్ యంత్రం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. చిప్పు పుట్టిన దేశం వేరు, యంత్రం పుట్టిన దేశం వేరు. పక్కన ఇంకో చిప్పు మీద 8732 అని ఉంది. చాలామంది ఇలాంటిదాన్ని మోడల్ నంబరు అనుకుని రోజుల తరబడి వెతుకుతారు. మొదటి రెండు అంకెలు సంవత్సరం, తరువాతి రెండు వారం. అంటే 1987లో 32వ వారం. తన లోపలి చిప్పుల కంటే ముందు ఏ యంత్రమూ తయారు కాదు. ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఇక అనుమానానికి తావే లేదు: లండన్ కంపెనీ సైయాన్ 1986లో విడుదల చేసిన ఆర్గనైజర్ 2.

పేరు దొరికితే అన్నీ తెలిసిపోతాయన్న భ్రమ కూడా వదలండి. షార్ప్ కంపెనీ 1980లో తెచ్చిన పీసీ-1211ను అమెరికాలో రేడియో షాక్ టీఆర్‌ఎస్-80 పాకెట్ కంప్యూటర్ అని అమ్మింది. 1989 నాటి అటారీ పోర్ట్‌ఫోలియోను రూపొందించింది అటారీ కాదు, డిప్ అనే ఇంగ్లండ్ సంస్థ. పేరు పూత లాంటిది. మీటల వరుస, గూళ్లు, బ్యాటరీ రకం మారవు. మీరు ఆ మూడింటి ఫొటోలు పెట్టండి, చిప్పుల మీది నంబర్లు రాయండి. "దీనికి ఎంత వస్తుంది" అని మాత్రం అప్పుడే అడగకండి. ఆ ప్రశ్న వేసినవాళ్ల వస్తువులు ఎక్కువగా పాత సామాన్ల బండి మీద కిలోల లెక్కన పోవడం నేను చూశాను.

గూళ్లలో ఏదైనా డబ్బీ ఉంటే దాన్ని ఎండలో పెట్టి ఆరబెట్టకండి. మామయ్య యంత్రంలోని డబ్బీని డేటాపాక్ అంటారు. లోపల ఉండేది ఈప్రామ్ చిప్పు. అందులో రాసింది నిలవడానికి బ్యాటరీ అక్కర్లేదు, చెరపడానికి మాత్రం అతినీలలోహిత కాంతి కావాలి. ఒక నమోదును తీసేసినా, తీసేసినట్టు గుర్తు పడుతుందే తప్ప ఆ చోటు ఖాళీ కాదు. ఈ సంగతి చదివాకే నాకు మళ్లీ ఆశ పుట్టింది. పనిచేస్తున్న ఆర్గనైజర్ 2 ఒకటి ఇంగ్లండ్ నుంచి తెప్పించుకుని, అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, డబ్బీని దాని గూట్లోకి నొక్కాను.

ఫైండ్ అన్న చోట మీట నొక్కితే ఒక్కొక్క నమోదే వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొండపి, టంగుటూరు, వెల్లంపల్లి. ఊరి పక్కన రైతు పేరు, బేలు (పొగాకు మూట) నంబరు, చివర ఎన్‌బి. ఎన్‌బి అంటే నోబిడ్, ఎవరూ ధర పెట్టలేదని. ఆంధ్రలో పొగాకు వేలాలు మొదలైంది 1985లో. వేలంలో కొనుగోలుదారులు వరుసగా నడుచుకుంటూ వెళ్తారు. ఏ ఒక్కరూ ధర పెట్టని బేలును రైతు మళ్లీ బండికెత్తుకుని ఇంటికి తీసుకుపోవాలి. సంస్థ కొన్న బేళ్ల లెక్క ఆ డబ్బీలో ఎక్కడా లేదు. ఎవరూ కొనని బేళ్లనే మామయ్య రాసుకున్నారు.

ఒక పేరు దగ్గర అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఈయన మనింటికి వచ్చాడు నాయనా. బేళ్లు వెనక్కి పంపిన రోజు బస్సు దొరక్క మన వరండాలో పడుకున్నాడు. పొద్దున మీ మామయ్యే మళ్లీ వేలం ప్లాట్‌ఫాం దగ్గరికి తీసుకెళ్లారు" అంది.