తుఫాను ప్రశ్నలు: పదో నంబరు, దివిసీమ, బుడమేరు

ఈ వారం ఉత్తరాల్లో సగానికి పైగా తుఫాన్ల మీదే ఉన్నాయి. తీరంలో వాతావరణ అబ్జర్వర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, వీటికి జవాబు రాయడం నాకు సరదా కూడా.

ప్రశ్న: పదో నంబరు ప్రమాద హెచ్చరిక అంటే తొమ్మిదో నంబరు కంటే పెద్ద తుఫానేనా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: కాదండీ. ఈ నంబర్లను పరీక్ష మార్కుల్లా చూడటం టీవీల వల్ల వచ్చిన అలవాటు. 8, 9, 10 మూడూ ఒకే తరగతి, మూడూ అతి ప్రమాద సూచికలే. తేడా అల్లా తుఫాను ఏ పక్కనుంచి పోతుందన్నదే. అది నడిచే దారికి మీ ఓడరేవు ఎడమన పడితే 8, కుడిన పడితే 9, నెత్తి మీదుగానో బాగా దగ్గరగానో దాటితే 10. తుఫాను తీవ్రత కాస్త తక్కువైతే ఇదే వరసలో 5, 6, 7. పదకొండో నంబరు కూడా ఉంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారికి మాత్రం ప్రమాదం కనిపిస్తోంది అని దాని అర్థం. అది ఎప్పుడూ ఎక్కించాల్సి రాకూడదని కోరుకునేవాళ్లం.

జెండా ఎగరేశారు అంటారు గానీ, అది జెండా కాదు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పోర్టు స్తంభం మీదికి పగలైతే శంకువు, డ్రమ్ము ఆకారాలు తాళ్లతో లాగేవారు, రాత్రయితే ఎర్ర, తెల్ల దీపాలు. అవన్నీ ఓడల కోసం పెట్టుకున్న గుర్తులు. మీ ఇంట్లోకి నీళ్లు ఎంత ఎత్తున వస్తాయో ఆ నంబరు చెప్పదు. ఒక మాట చెప్పనా, మన తీరంలో 8 కంటే 9 అని వింటేనే నాకు ఎక్కువ టెన్షన్. ఎందుకో కింది ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: 1977 తుఫాను చీరాల దగ్గర తీరం దాటిందని చదివాను. మరి కొట్టుకుపోయింది మా దివిసీమ కదా! నవంబర్ 19 వస్తే మా అమ్మమ్మ ఇప్పటికీ ఆ రాత్రి సంగతే చెబుతుంది.
– ఒక పాఠకురాలు, అవనిగడ్డ

జవాబు: మంచి ప్రశ్న వేశావమ్మా. చీరాలకీ మీకూ మధ్య 60 కిలోమీటర్లకు పైనే ఉంది. అయినా దెబ్బ మీకే తగలడానికి కారణం, మీరు తుఫానుకు కుడిపక్క ఉండటం.

భూమధ్యరేఖకు మన వైపున తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. సముద్రంలోంచి తుఫాను వెనకే నడుచుకుంటూ తీరానికి వస్తున్నావనుకో. నీ కుడిచేతి వైపు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఎడమచేతి వైపు గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. అటువైపు ఒక్కోసారి సముద్రం వెనక్కి కూడా పోతుంది. ఆ రోజు ఒంగోలు ఎడమచేతి వైపు పడింది, దివిసీమ కుడిచేతి వైపు పడింది.

తుఫాను నడుమ గాలి పీడనం తగ్గినందువల్ల సముద్రం ఉబ్బిందని కొందరు రాస్తుంటారు. అబద్ధం కాదు గానీ, లెక్క చూడాలి. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం లేచేది ఒక సెంటీమీటరు. 60, 70 మిల్లీబార్లు పడిపోయినా మీటరు నిండదు. దివిసీమ మీదికి వచ్చిన నీటి ఎత్తు 5 మీటర్ల దాకా ఉంది. మిగతాదంతా గాలి తోసుకొచ్చిందే. లోతున్న చోటైతే అలా తోసిన నీరు అడుగునుంచి వెనక్కి జారిపోతుంది. కృష్ణమ్మ వేల ఏళ్లుగా ఒండ్రు పోసిన మీ తీరంలో సముద్రం లోతు తక్కువ. వెనక్కి పోయే దారి లేక నీరు నేల ఎక్కింది. నాగాయలంక, కోడూరు వైపు పొలాలు చూశావుగా, అడ్డుకోవడానికి ఒక గుట్టయినా లేదు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 10 వేల మంది దాకా పోయారు. 1864 నవంబర్ 1న బందరు మీదికి వచ్చింది కూడా ఇలాంటి ఉప్పెనే. అప్పుడు 30 వేల మంది పోయారంటారు.

మీ అమ్మమ్మగారు చెప్పేదంతా ఎక్కడైనా రాసి పెట్టు తల్లీ.

ప్రశ్న: శాటిలైట్లు లేని రోజుల్లో మీకు ముందే ఎలా తెలిసేది?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: గాలి పీడనం కొలిచే పాదరసం బారోమీటర్‌ను బట్టి బాబూ. మామూలు రోజుల్లో మన దగ్గర పీడనం ఉదయం 10 ప్రాంతంలో ఎక్కువగా ఉంటుంది, సాయంత్రం 4 ప్రాంతంలో తగ్గుతుంది, రాత్రి 10కి మళ్లీ పెరుగుతుంది. రోజూ చూసేవాడికి అది కంఠతా వచ్చేస్తుంది. పదింటికి పెరగాల్సిన పాదరసం పెరగలేదంటే, బయట ఎండ కాస్తున్నా సరే, మాకు అనుమానం మొదలయ్యేది. ఇక గంట గంటకీ రీడింగే.

ప్రశ్న: వానాకాలం జూన్‌లో మొదలైతే తుఫాన్లు అక్టోబర్, నవంబర్ దాకా ఎందుకు ఆగుతాయి?
– ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నైరుతి రోజుల్లో కింద గాలి పడమటి నుంచి వస్తుంది, చాలా ఎత్తులో తూర్పు నుంచి బలంగా వీస్తుంది. తుఫాను లేవాలంటే మేఘం నిటారుగా ఎదగాలి. పైగాలి ఒకవైపు, కిందిగాలి ఇంకోవైపు లాగుతుంటే అది కుదరదు. అందుకే ఆ నెలల్లో అల్పపీడనాలు, వాయుగుండాలతోనే సరి. నైరుతి వెళ్లిపోయాక పైగాలి నెమ్మదిస్తుంది, సముద్రం మాత్రం 27 డిగ్రీలు దాటి వెచ్చగానే ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, మన గోదావరి తెచ్చిన మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పైనే పరుచుకుంటుంది, కింది చల్లనీళ్లను పైకి రానివ్వదు. బంగాళాఖాతం ఇంతగా తుఫాన్లు పుట్టించడానికి అదీ ఒక కారణం. నైరుతి రాకముందు ఏప్రిల్, మే నెలల్లో కూడా తుఫాన్లకు వీలుంటుంది.

ప్రశ్న: 2024లో వచ్చింది తుఫాను కూడా కాదు, వాయుగుండమే అన్నారు. మా ఇల్లు ఎందుకు మునిగింది?
– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను అనే మెట్లన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టినవి. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుఫాను. ఆ మెట్లలో వాన లెక్క ఎక్కడా లేదు. వాయుగుండమే అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ వాయుగుండం ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది, అంటే మీకు 400 కిలోమీటర్ల అవతల. నైరుతి కాలపు వాయుగుండాలకు కుండపోత వాన ఎక్కువగా నైరుతి మూలనే పడుతుంది. ఆ మూలలో ఉన్నవి మీ ఊరూ, ఖమ్మమూ. అక్కడ మున్నేరు పొంగింది, ఇక్కడ బుడమేరు వాగు పొంగింది. బుడమేరు వరదను కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది గానీ, కృష్ణే నిండుగా ఉంటే నీరు ఎక్కడికి పోతుంది? సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకుముందెన్నడూ లేనంత. పైన బుడమేరు గట్లు తెగాయి. కొల్లేరుకు పోయే పాత దారి నిండా ఇళ్లే. ఆకాశం తప్పు కొంత, మనది కొంత.

ప్రశ్న: తుఫాన్లకు ఎప్పుడూ బయటి దేశాల పేర్లేనా? మనవాళ్లు పెట్టరా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పెడతారమ్మా. 13 దేశాలు ఇచ్చిన జాబితాలోంచి వంతులవారీగా తీస్తారు. మీ విశాఖను 2014లో కొట్టిన హుద్‌హుద్ పేరు ఒమన్‌ది, 2023లో బాపట్ల దగ్గర దాటిన మిచౌంగ్ మయన్మార్‌ది. మనం ఇచ్చిన పేర్లలో గతి 2020లో సోమాలియాకు పోయింది, తేజ్ 2023లో యెమెన్‌కు పోయింది. మన వరసలో తర్వాతి పేరు మురసు.