ప్లగ్ వైర్లతో కూర్చునే అబ్బాయిని ఏ చదువులో చేర్చాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి రెండో పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) సైన్స్ చదువుతున్నాడు. సాయంత్రమైతే బాల్కనీలో కూర్చుని పాత బైకుల స్పార్క్ ప్లగ్ వైర్ల కొసలకు లోహపు టెర్మినళ్లు క్రింప్ చేస్తుంటాడు, అంటే నొక్కి బిగిస్తుంటాడు. ఇరుగుపొరుగు వాళ్లు కూడా బండ్లు తెచ్చిపెడుతున్నారు. కంప్యూటర్ సైన్స్ చదివించాలని మా ఆశ. మెకానిక్‌గా మిగిలిపోతాడేమోనని భయంగా ఉంది. మా బావగారేమో ఇంత ఇష్టముంటే ఐటీఐలో చేర్చమంటున్నారు. ఆ పనిముట్లు దాచేయమంటారా?

జవాబు: దాచకండి. ఐటీఐలోనూ ఇప్పుడు చేర్చకండి. రెండో పీయూసీ సగంలో ఉన్న పిల్లవాడి చేత లెక్కలు మాన్పించడం కన్నా నష్టం ఇంకోటి లేదు. ఎందుకో చెబుతాను, కానీ దానికి ముందు మీరు ఒక పని చేయాలి. ఈ ఆదివారం అతని పక్కన కూర్చుని ఆ పని మొదటి నుంచి చివరిదాకా చూడండి.

ప్లగ్ వైర్లలో కొన్నింటి లోపల రాగి పోగులుంటాయి, కొన్నింటిలో కార్బన్ పట్టించిన దారం ఉంటుంది. కార్బన్ వైరుకు సోల్డరింగ్ పనికిరాదు. పైనున్న రబ్బరును కొంచెం ఒలిచి, దారం తెగకుండా వెనక్కి మడిచి, రబ్బరు మీదే ఆనించి, టెర్మినల్ రెక్కలు రెండూ లోపలికి ముడుచుకుని దాన్ని అదిమిపట్టేలా నొక్కాలి. అందుకు తగిన దవడలున్న క్రింపింగ్ ప్లయర్ కావాలి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కినా పైకి బాగానే కనిపిస్తుంది. లోపల వెంట్రుకంత సందు మిగిలితే స్పార్కు అక్కడే దూకుతుంది. క్రమంగా ఆ చోట కార్బన్ కాలిపోతుంది. బండి ఖాళీగా ఆన్‌లో ఉన్నప్పుడు ఏమీ తెలియదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో వానలోనో మిస్ కొడుతుంది.

మీరు చూడాల్సింది నొక్కిన తర్వాత అబ్బాయి ఏం చేస్తున్నాడని. టెర్మినల్‌ను గట్టిగా లాగి చూస్తున్నాడా? మల్టీమీటర్‌ను రెండు కొసలకూ పెట్టి, వైరును అటూ ఇటూ వంచుతూ నిరోధాన్ని చూపే ఓమ్‌ల అంకె నిలకడగా ఉందో లేదో గమనిస్తున్నాడా? అంకె గెంతితే కోసేసి మళ్లీ మొదలుపెడుతున్నాడా, లేక ఎవరికి తెలుస్తుందిలే అని క్యాప్ తొడిగేస్తున్నాడా? తన పనిని తానే అనుమానించి పరీక్షించుకునే పిల్లలు తక్కువ. మీ అబ్బాయి అలాంటివాడైతే సంతోషించండి. ఆ గుణాన్ని ఏ కోచింగ్ సెంటరూ నేర్పలేదు.

ఇప్పుడు మీ భయం సంగతి. బండిలోని వైర్లన్నీ కలిపి కట్టిన కట్టను పరిశ్రమలో హార్నెస్ అంటారు. అది తయారయ్యే చోట కూడా జరిగేది మీ బాల్కనీలో జరిగే పనే. కాకపోతే అక్కడ క్రింప్ ఎత్తును మైక్రోమీటర్‌తో కొలుస్తారు. యంత్రంతో లాగి ఎన్ని న్యూటన్ల బలానికి ఊడిందో రాసుకుంటారు. నమూనాను అడ్డంగా కోసి, నునుపు చేసి, పోగుల మధ్య ఖాళీ ఉందేమో సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఇందుకు ఐపీసీ/డబ్ల్యూహెచ్‌ఎంఏ-ఎ-620 అనే ప్రమాణమే ఉంది. ఆ కర్మాగారంలో రోజంతా టెర్మినళ్లు నొక్కే కుర్చీ ఒకటి, ఆ క్రింప్ ఎత్తు ఎంత ఉండాలో, ఏ వైరు ఎంత కరెంటు మోయాలో నిర్ణయించే కుర్చీ ఇంకొకటి. రెండింటికీ చేతి పని తెలియాలి. రెండో కుర్చీకి మాత్రం లెక్కలూ ఫిజిక్సూ కూడా కావాలి. అందుకే పీయూసీ వదలొద్దన్నాను.

అతనికి ఫిజిక్స్ మీద మనసు కుదరకపోతే ఒక దారి ఉంది. రెండో పీయూసీలో విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం ఉంటుంది. బైకు ఇగ్నిషన్ కాయిల్ ఆ పాఠమే. ప్రైమరీ చుట్టలో కరెంటు హఠాత్తుగా మారగానే సెకండరీలో వేల వోల్టులు పుడతాయి. 12 వోల్టుల బ్యాటరీ అంత స్పార్కు ఎలా ఇస్తోందని అడగండి. ప్లగ్ క్యాప్‌లో 5 కిలో ఓమ్‌ల నిరోధకం ఎందుకు పెడతారనీ అడగండి. అది రేడియోనూ, బండిలోని ఎలక్ట్రానిక్స్‌నూ ఇబ్బంది పెట్టే విద్యుత్ రొదను అణచడానికి. జవాబు కోసం పుస్తకం తీశాడంటే మీ పని సులువైనట్టే.

ప్లగ్ వైరునే నమ్ముకోమని నేను చెప్పను. కొన్ని బైకుల్లో కాయిల్ నేరుగా ప్లగ్ మీదే కూర్చుంటుంది, మధ్యలో వైరే ఉండదు. విద్యుత్ స్కూటర్‌కు ప్లగ్గే లేదు. కానీ దానిలో బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే లావుపాటి కేబుళ్లున్నాయి, సెన్సర్ల వైర్లున్నాయి, ప్రతి కొసకూ ఒక టెర్మినల్ ఉంది. మీకు దగ్గర్లోని హోసూరులోనే టీవీఎస్, ఏథర్ కర్మాగారాలున్నాయి. అందుకే నా మొదటి ఎంపిక ఎలక్ట్రికల్, రెండోది ఎలక్ట్రానిక్స్. కంప్యూటర్ సైన్స్ మీద నాకు వ్యతిరేకత లేదు. ఇంజిన్‌ను నడిపే కంట్రోల్ యూనిట్‌కు ప్రోగ్రామ్ రాయాలని అతనికే ఉంటే అదీ మంచిదే. కానీ ఆ మాట అతని నోటి నుంచి రావాలి. కళాశాలను ఎంచుకునేటప్పుడు, విద్యార్థులే బండి తయారుచేసి పోటీపడే బాహా, ఫార్ములా భారత్ పోటీలకు విద్యార్థుల బృందం వెళ్తుందేమో కనుక్కోండి. బండికి వైరింగ్ చక్కగా చేసే పిల్లవాడికి అలాంటి బృందంలో మంచి చోటు ఉంటుంది.

కర్ణాటక ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష సీఈటీలో ర్యాంకు సరిగా రాకపోతే కంగారుపడొద్దు. పీయూసీ సైన్స్ పాసైనవారికి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరే వీలుంది. అక్కడి నుంచి ఇంజినీరింగ్ రెండో ఏడాదికి, డిప్లొమా వాళ్లకుండే ప్రవేశ పరీక్ష డీసీఈటీ రాయవచ్చు.

ఇంట్లో రెండు కట్టుబాట్లు పెట్టండి. ఇంజిన్ నడుస్తుండగా వైరు చేత్తో పట్టుకుని స్పార్కు చూడడం పూర్తిగా మానాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే నడుస్తున్న ఇంజిన్ దగ్గరకు రానివ్వకూడదు. రెండోది, పరీక్షలయ్యేదాకా ఇరుగుపొరుగు బండ్లు వద్దు. ఇతరుల బండి దారిలో ఆగితే ఆ బాధ్యత అతని మీద పడుతుంది, చదువు మీద ధ్యాస పోతుంది.

ఇక కర్ణాటక సీఈటీ ప్రభుత్వ సీటుకు సాధారణంగా ఈ రాష్ట్రంలో కనీసం ఏడేళ్లు చదివి ఉండాలి. మీకది సరిపోయేలా ఉంది. అతను చదివిన బడులన్నింటి నుంచీ స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే అడిగి పెట్టుకోండి. మధ్యలో బడి మారి ఉంటే కాగితాలు చేతికి రావడానికి సమయం పడుతుంది.