ముప్పై మూడేళ్లకే మణికట్టు అరిగితే ఏ ఆపరేషన్? నా చేతి అనుభవం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: మీకు 33 ఏళ్లు, కడప దగ్గర బండల పాలిష్ పని చేస్తారు, పాత దెబ్బ వల్ల కుడి మణికట్టు కీలు అరిగిపోయిందని తేలింది. ఒక డాక్టరు మూడు చిన్న ఎముకలు తీసేద్దామన్నారు, ఇంకొకరు మణికట్టును పూర్తిగా బిగించేద్దామన్నారు, మోకాలికి పెట్టినట్టు కృత్రిమ కీలు పెట్టించుకోరాదా అని మీ బావ అంటున్నారు. నేను వైద్యుణ్ణి కాను, అనంతపురంలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడుపుతాను. ఇదే జబ్బుతో కుడి చేతికి రెండు ఆపరేషన్లు చేయించుకున్నవాణ్ణి కనుక, ఆ దారిలో తెలుసుకున్నది చెబుతాను.

నేను 21వ ఏట బైకు మీద నుంచి పడుతూ అరచెయ్యి నేలకు ఆనించాను. ఆ రోజు తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు, బెణుకు అన్నారు. మా నాన్న నాటు కట్టు కట్టించాడు, వాపు తగ్గింది, నేను పనిలో పడిపోయాను. నిజానికి విరిగింది బొటనవేలి మొదట్లో ఉండే స్కాఫాయిడ్ అనే జీడిపప్పంత ఎముక. దానికి రక్తం వేళ్ల వైపు కొన నుంచి ప్రవేశించి వెనక్కి, ముంజేయి వైపు ప్రవహిస్తుంది కాబట్టి, నడిమిన విరిగితే వెనక ముక్కకు రక్తం సరిగా అందదు, అతకడం కష్టమవుతుంది. మొదటి రోజు ఎక్స్‌రేలో ఈ పగులు కనబడకపోవడం మామూలే. అందుకే నొప్పి ఉంటే పది, పద్నాలుగు రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయాలి, లేదా ఎంఆర్ఐ చేయాలి. ఆ మాట నాకు పన్నెండేళ్ల తర్వాత తెలిసింది.

అతకని స్కాఫాయిడ్ వల్ల మణికట్టు నిర్మాణం మెల్లగా కుంగిపోతుంది. అరుగుదల మొదట బొటనవేలి పక్కనున్న ముంజేయి ఎముక కొసన మొదలవుతుంది, తర్వాత స్కాఫాయిడ్ చుట్టూ పాకుతుంది, చివరకు చేతి నడుమనున్న క్యాపిటేట్ అనే ఎముక తలను చేరుతుంది. స్కాఫాయిడ్ విరగకుండా, దాన్ని పక్కనున్న లూనేట్ అనే ఎముకతో కట్టి ఉంచే పట్టీ లాంటి బంధం (లిగమెంట్) తెగినా దాదాపు ఇదే కథ. నాకు ఇది బోధపడింది డాక్టరు ఎక్స్‌రేను వెలుతురు పెట్టె మీద పెట్టి, పెన్ను మూతతో చూపించినప్పుడు: "ముంజేయి ఎముక చివర ఇడ్లీ రేకులో మాదిరి రెండు గుంతలుంటాయప్పా. స్కాఫాయిడ్ కూర్చునే గుంత చెడిపోయింది, లూనేట్ కూర్చునే గుంత బాగుంది. నీ ఆపరేషన్ ఏదనేది ఈ రెండో గుంత, ఈ క్యాపిటేట్ తల చెబుతాయి." మీరు కూడా ఏ ఆపరేషన్ మంచిదని అడిగే ముందు, మీ ఫిల్ములో ఈ రెండు చోట్ల మృదులాస్థి (ఎముక కొసను కప్పే నున్నని పొర) మిగిలిందా లేదా అని అడగండి. డాక్టరు సీటీ లేదా ఎంఆర్ఐ స్కాన్ తీయించమంటే ఖర్చుకు వెనుకాడకండి.

మీకు మొదటి డాక్టరు చెప్పినది ప్రాక్సిమల్ రో కార్పెక్టమీ. స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రమ్ మూడింటినీ తీసేస్తే, క్యాపిటేట్ తల వచ్చి లూనేట్ గుంతలో కూర్చుంటుంది. ఎముకలు అతికే దాకా ఆగే పని లేదు, లోపల ప్లేటు ఉండదు, కొన్ని వారాల్లోనే చేతిని కదపడం మొదలుపెడతారు. చిక్కేమిటంటే, క్యాపిటేట్ తల గుండ్రదనమూ ఆ గుంత లోతూ సరిపోలవు. బరువంతా చిన్న చోట పడుతుంది, ఏళ్లు గడిచే కొద్దీ అక్కడ కొత్త అరుగుదల రావచ్చు. అందుకే 35, 40 ఏళ్ల లోపు వారికి, అందులోనూ మోటుపని చేసేవారికి, చాలామంది శస్త్రవైద్యులు దీన్ని ఆచితూచి చెబుతారు. క్యాపిటేట్ తల ఇప్పటికే అరిగి ఉంటే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

నాకు 36వ ఏట చేసినది ఫోర్ కార్నర్ ఫ్యూజన్. చెడిన స్కాఫాయిడ్‌ను తీసేసి, లూనేట్, ట్రైక్వెట్రమ్, క్యాపిటేట్, హామేట్ నాలుగింటినీ ఒకే ముద్దగా అతికించి స్క్రూలు బిగిస్తారు. లూనేట్ తన గుంతలో తానే తిరుగుతుంది కనుక, కొంత కదలిక మిగులుతుంది. మూడు ఎముకలు తీసే ఆపరేషన్‌లోనూ, దీనిలోనూ మామూలు చేతితో పోలిస్తే కదలిక సుమారు సగమూ, పట్టు బలం నూటికి 70 నుంచి 80 వంతులూ దక్కుతాయని నాకు ముందే చెప్పారు, నాకు దక్కినదీ ఆ లెక్కలోనే ఉంది. దీనిలో భయం అతుకుడుది. నాలుగు ఎముకలూ అతకకపోతే మళ్లీ బల్ల ఎక్కాలి, పొగ తాగేవారికి ఆ ప్రమాదం ఎక్కువ. నేను రోజుకు కట్ట బీడీలు కాల్చేవాణ్ణి. ఆపరేషన్‌కు ముందే మానిపించారు, ఎనిమిది వారాలు కట్టుతో కూర్చున్నాను, ఆ రెండు నెలలూ కాయిళ్లు చుట్టింది మా షాపు కుర్రాడు.

పూర్తిగా బిగించడం గురించి ఎవరైనా భయపెడితే సగమే నమ్మండి. ముంజేయి ఎముక నుంచి నడిమి వేలి మొదలు దాకా ప్లేటు వేసి కీలును అతికిస్తారు; చెయ్యి పైకీ కిందికీ వంగదు, కాని వేళ్లు ఆడతాయి, అరచేతిని బోర్లించడం, వెల్లకిలా తిప్పడం పోదు. నొప్పి తీరడంలో అన్నిటికన్నా నమ్మదగినది అదేనంటారు. వంగని మణికట్టు ఎలా ఉంటుందో చూడమని డాక్టరు నాకు రెండు వారాలు పిండికట్టు వేయించారు. సంగటి ముద్దను పప్పులో అద్ది నోటికి తేవాలంటే మోచేతిని భుజం దాకా లేపాల్సి వచ్చింది, మూడో రోజుకు అలవాటైంది. కాని స్టేటర్ (మోటారులో తిరగని భాగం) లోపలి గాడుల్లోకి రాగి తీగను దూర్చడం మాత్రం రానే లేదు. నా పనికి ఆ వంపు కావాలని తేలింది అక్కడే. మీది మణికట్టు నిటారుగా పెట్టి అదురుతున్న మిషన్‌ను గట్టిగా పట్టుకునే పని. నాకు పనికిరానిది మీకు పనికిరావచ్చు. ఎడమ చేతికైతే చెంబు పట్టుకొని శుభ్రం చేసుకునే విషయం కూడా ఆలోచించాలి, దీన్ని డాక్టర్లు అడగరు, మనం సిగ్గుపడి చెప్పం.

మీ బావకు చెప్పండి: మణికట్టు కృత్రిమ కీలు మోకాలి కీలు వంటిది కాదు. బరువులు ఎత్తకూడదన్న షరతు జీవితాంతం ఉంటుంది, మోటుపని చేసే చేతిలో అది వదులైపోతుంది. మీ వయసుకూ మీ పనికీ అది కుదరదు.

ఇద్దరు డాక్టర్లూ మీకు చెప్పనిది ఇంకొకటుంది. మణికట్టు నుంచి నొప్పిని మోసుకెళ్లే సన్నని నరాల కొమ్మలను కోయడం. ముందు ఆ నరాల దగ్గర మత్తు సూది వేసి చూస్తారు; నాకు వేసిన రోజు మధ్యాహ్నం నాలుగు గంటల సేపు నొప్పి తెలియకుండా స్పానర్ తిప్పాను. 33వ ఏట ఆ నరాలు కోయించుకున్నాను, మూడేళ్లు నెట్టుకొచ్చాను. అరుగుదల ఆగలేదు, ఆగదని ముందే అన్నారు. అయినా తర్వాతి ఆపరేషన్‌కు అది అడ్డు రాలేదు. ఎముకలు తీయడమో నాలుగింటిని అతికించడమో రేపు విఫలమైతే పూర్తిగా బిగించే దారి మిగిలే ఉంటుంది. బిగించిన తర్వాత వెనక్కి రావడం మాత్రం దాదాపు లేదు. మీ వయసులో నేనైతే ఈ వరుసను చూసి ఎంచుకుంటాను.

రెండు మణికట్లూ నొప్పి పెడుతూ, పొద్దున లేవగానే గంటసేపు బిగుసుకుపోతుంటే మాత్రం అది కీళ్లవాతం కావచ్చు. ముందు రక్తపరీక్షలు, మందులు, ఆపరేషన్ మాట తర్వాత. లూనేట్ ఎముకే రక్తం అందక చచ్చిపోయే కీన్‌బాక్ జబ్బులో కూడా లెక్కలు వేరు.

చేతి శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం ఉన్న చోటికి ఒక్కసారైనా వెళ్లండి; మన వాళ్లు కాట్పాడిలో దిగి వెళ్లే వేలూరు సీఎంసీలోనూ, కోయంబత్తూరు గంగా ఆసుపత్రిలోనూ ఉంది. ప్రభుత్వ పథకం కింద చేయించుకోవాలనుకుంటే, తేదీ ఖాయం చేయకముందే ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మీ ఆపరేషన్ పేరు చెప్పి అడగండి. పాత ఎక్స్‌రేలన్నీ, ఎంత మాసిపోయినవైనా, తీసుకెళ్లండి. ఇంకొక్క ప్రశ్న: "చెయ్యి తెరిచాక క్యాపిటేట్ తల చెడిందని కనబడితే ఏం చేస్తారు?" కొన్నిసార్లు ఫిల్ములో బాగున్నది బల్ల మీద బాగుండదు, అప్పుడు ప్లాను అక్కడికక్కడే మారుతుంది. ఆ రెండో ప్లాను ఏమిటో తెలుసుకొని, అది కూడా రాయించిన తర్వాతే సంతకం పెట్టండి.